బడి ప్రహరీ దాటిన వేధింపు: ఉన్నత పాఠశాల విద్యార్థి చదువు, చట్టం, దస్తావేజు (1997–2024)

ఉన్నత పాఠశాల విడిచి వెళ్లే ప్రతి విద్యార్థికీ ఒక బదిలీ పత్రం ఇస్తారు. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చేరిన తరగతి, విడిచిన తరగతి వరుసగా ఉంటాయి. వాటి సరసనే ‘ప్రవర్తన’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో దాదాపు ఎప్పుడూ ‘సంతృప్తికరం’ అనో, ‘మంచిది’ అనో రాసి ఉంటుంది. ఆ విద్యార్థి ఇతరులపట్ల ఎలా నడుచుకున్నాడో చెప్పడానికి ఏర్పడిన గడి అది. ఇతరులు అతనిపట్ల ఎలా నడుచుకున్నారో చెప్పడానికి ఆ పత్రంలో చోటు లేదు. హాజరుపట్టీలో గైర్హాజరు పడుతుంది, కారణం పడదు. ప్రగతి పత్రంలో మార్కు తగ్గినట్టు కనిపిస్తుంది, ఎందుకు తగ్గిందో కనిపించదు.

సెల్‌ఫోన్, అంతర్జాలం ఆధారంగా తోటి విద్యార్థులు సాగించే వేధింపు ఉన్నత పాఠశాల విద్యార్థుల చదువును ఎలా దెబ్బతీస్తున్నదన్న ప్రశ్నను సాధారణంగా మనోవిజ్ఞాన శాస్త్రానికో, విద్యాశాస్త్రానికో వదిలేస్తున్నాం. ఈ వ్యాసం దానిని చరిత్ర ప్రశ్నగా తీసుకుంటున్నది. గత పాతికేళ్లుగా మన చట్టాలు, నిబంధనలు వేధింపును ఏ రూపంలో గుర్తించాయి, ఏ రూపంలో గుర్తించలేకపోయాయి అన్నది పరిశీలనాంశం. మరణాన్ని, అశ్లీలాన్ని, నేరస్థుణ్ణి చూడటానికి అలవాటుపడిన వ్యవస్థకు ఒక పిల్లవాడి చదువు కొద్దికొద్దిగా తరిగిపోవడం కనబడలేదన్నది నా వాదన. ప్రధాన క్షేత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాతి రెండు తెలుగు రాష్ట్రాలు. పోలిక కోసం అవసరమైనంత మేరకే ఇతర దేశాల అనుభవాన్ని తీసుకున్నాను.

మాటల్లోనే ఉన్న మెలిక

ముందుగా పదాల సంగతి. ‘బుల్లీయింగ్’ అనే మాటకు తెలుగులో నికరమైన సమానార్థకం లేదు. లేకపోవడానికి కారణం ఆ అనుభవం లేకపోవడం కాదు, దానికి చాలా మాటలు ఉండటం. ఏడిపించడం, ఆటపట్టించడం, గేలి చేయడం, వెక్కిరించడం, అల్లరిపెట్టడం అన్నవి అందరికీ తెలిసినవే. వీటిలో ఎక్కువ భాగం సరసానికీ, క్రౌర్యానికీ సమానంగా వాడుకలో ఉన్నాయి. బావ మరదలిని ఏడిపించాడన్నా, తరగతి మొత్తం కలిసి ఒక్కణ్ణి ఏడిపించిందన్నా క్రియ ఒక్కటే. ‘ఆటపట్టించడం’లో ‘ఆట’ ఉండనే ఉంది. ఇక ‘అల్లరి’ సంగతి మరింత ఆసక్తికరం. పసివాడి అల్లరి ముద్దు. అదే మాటకు ‘పాలు’ చేరి ‘అల్లరిపాలు’ అయితే పదిమందిలో పరువు పోవడం. తల్లిదండ్రులు ఫిర్యాదు తెచ్చినప్పుడు పాఠశాలలో వినిపించే సమాధానం ‘పిల్లలన్నాక అల్లరి చేయరా’ అన్నది. చెప్పేవారు మొదటి అర్థంలో చెబుతున్నారు, పిల్లవాడు రెండో అర్థంలో అనుభవిస్తున్నాడు.

ఇప్పుడు పత్రికల్లో స్థిరపడుతున్న ‘సైబర్ వేధింపు’ అనే మాటలో ఇందుకు భిన్నమైన చిక్కు ఉంది. ‘వేధింపు’ తెలుగు పత్రికాభాషలో న్యాయపరమైన బరువు సంతరించుకున్నది ప్రధానంగా రెండు సందర్భాల్లో. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరిన తర్వాత ‘వరకట్న వేధింపులు’, 1997లో విశాఖ తీర్పు తర్వాత పనిచేసే చోట ‘లైంగిక వేధింపులు’. రెండింటిలోనూ పెద్దవాడైన నిందితుడు, స్త్రీ అయిన బాధితురాలు, పోలీసు ఠాణా ఉన్నాయి. ఈ పదాన్ని పాఠశాలకు తెచ్చేసరికి ఎనిమిదో తరగతి కుర్రవాడు తోటివాడి ఫొటోకు గాడిద చెవులు తగిలించి తరగతి వాట్సాప్ బృందంలో పెట్టడం వేధింపు కిందికి వస్తుందా అన్న సందేహం మొదలవుతుంది. ఒక మాట మరీ తేలిక, మరొకటి మరీ బరువు. జరిగే విషయం ఈ రెంటి నడుమ ఉంది.

నార్వే, స్వీడన్ దేశాల్లోనూ ఈ చర్చ పదంతోనే మొదలైంది. పీటర్ పాల్ హైనెమన్ అనే స్వీడిష్ వైద్యుడు 1960ల చివర, జంతు ప్రవర్తనాశాస్త్రం నుంచి గుంపుదాడి అనే అర్థమున్న ‘మాబ్నింగ్’ పదాన్ని బడిపిల్లల మధ్య జరిగేదానికి అన్వయించాడు. డాన్ ఓల్వేయస్ దానిని శాస్త్రీయ పరిశోధనగా మలిచాడు. 1982 చివర నార్వేలో ముగ్గురు బాలుర ఆత్మహత్యల తర్వాత 1983లో ఆ ప్రభుత్వం దేశవ్యాప్త ప్రచారోద్యమం చేపట్టింది. ఉద్దేశపూర్వకత, పునరావృత్తి, బలాబలాల తేడా అనే మూడు లక్షణాలను ఓల్వేయస్ నిర్ధారించాడు. ఈ మూడింటినీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే సెల్‌ఫోన్ వచ్చాక ఈ మూడూ మారాయి. ఒకడు ఒక్కసారి పెట్టిన చిత్రం పదిమంది ముందుకు పంపితే పునరావృత్తి ఎవరిది? మారుపేరు ఖాతా వెనుక ఉన్నవాడు తరగతిలోకెల్లా బలహీనుడే కావచ్చు. అప్పుడు బలాబలాల లెక్క ఎటు తేలుతుంది?

1997: కళాశాల కోసం రాసిన చట్టం

1996లో తమిళనాడులో ఒక వైద్య విద్యార్థి హత్యకు గురికావడంతో ర్యాగింగ్ దక్షిణాదిలో శాసనసభల అంశమైంది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండూ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఏడాది 26వ చట్టం. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ అది కొనసాగుతున్నది.

ఈ చట్టాన్ని చదివినవారికి కలిగే మొదటి ఆశ్చర్యం దాని విస్తృతి. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, ఆందోళన, బెదిరింపు, గౌరవభంగం, గాయం కలిగించే లేదా కలిగించగల ఏ చర్య అయినా ర్యాగింగే. విద్యాసంస్థ అంటే కళాశాల మాత్రమే కాదు, విద్య నేర్పే ఏ పేరుగల సంస్థ అయినా, వసతిగృహం, అనాథాశ్రమం, ట్యుటోరియల్ కూడా. నిషేధం విద్యాసంస్థ లోపలికీ, వెలుపలికీ వర్తిస్తుంది. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థాధిపతిని ఆ నేరానికి తోడ్పడినవాడిగానే భావించాలని కూడా చెబుతుంది. ఇంత విశాలమైన భాషలో ఉన్నత పాఠశాలకూ, అది ముగిశాక రాత్రి పదింటికి వచ్చే సందేశానికీ చోటు ఉంది. ‘వెలుపల’ అన్న ఒక్క మాట ఎవరూ ఊహించని విధంగా సెల్‌ఫోన్ యుగానికి సరిపోయింది.

చోటున్నా ఆచరణ అటు వెళ్లలేదు. ‘ర్యాగింగ్’ అన్న మాట వినగానే మనకు స్ఫురించేది వృత్తివిద్యా కళాశాల, సీనియర్లు, జూనియర్లు, తొలి సంవత్సరపు తొలి నెలలు. తొమ్మిదో తరగతిలో ఒకే బెంచీమీద కూర్చునే ఇద్దరి మధ్య జరిగేది ఆ చిత్రంలో ఇమడదు. చట్టపు పాఠం విశాలంగానే ఉన్నా, దాని శీర్షికలోని ఇంగ్లీషు మాట దానిని కళాశాల ఆవరణలోనే కట్టిపడేసిందని నా అభిప్రాయం.

రెండో ఆశ్చర్యం శిక్షల వరుసలో ఉంది. ఆటపట్టించడం, ఇబ్బందిపెట్టడం, అవమానించడం వంటివాటికి 6 నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. అక్కడి నుంచి దాడి, నిర్బంధం, తీవ్ర గాయం మీదుగా మరణానికి కారణం కావడం లేదా ఆత్మహత్యకు ప్రేరేపించడం దాకా మెట్లు ఉన్నాయి. చివరి మెట్టుకు యావజ్జీవం లేదా 10 ఏళ్ల వరకు జైలు. ఈ మెట్లన్నీ దేహానికీ, మానానికీ, ప్రాణానికీ జరిగే హానిని కొలుస్తాయి. చదువుకు జరిగే హానికి మెట్టు లేదు. చదువు ప్రస్తావన వచ్చేది మరోచోట, అదీ నేరస్థుడి విషయంలో. ఫిర్యాదు ప్రాథమికంగా నిజమని తేలితే సస్పెన్షన్, శిక్ష పడితే తొలగింపు, 6 నెలలకు మించిన శిక్ష అయితే మరే సంస్థలోనూ ప్రవేశం లేకపోవడం. విద్యార్థుల రక్షణకు చేసిన చట్టంలో చదువు పోవడం అనేది శిక్షగా మాత్రమే కనిపిస్తుంది. వేధింపుకు గురైనవాడి చదువు పోవడం నష్టంగా కనిపించదు.

2009: మూడు పాఠాలు, ఒక ఖాళీ

ఈ చరిత్రలో అత్యంత కీలకమైన సంవత్సరం 2009 అని నేను భావిస్తున్నాను. ఆ ఒక్క ఏడాదిలోనే విద్యార్థికీ వేధింపుకూ సంబంధించిన మూడు పాఠాలు వెలువడ్డాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఉన్నత పాఠశాల విద్యార్థి ఎక్కడ జారిపోయాడో తెలుస్తుంది.

మొదటిది విశ్వవిద్యాలయ నిధుల సంఘం జూన్ నెలలో చేసిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడి 2007లో నివేదిక ఇచ్చిన ఆర్. కె. రాఘవన్ సంఘం వీటికి నేపథ్యం. ర్యాగింగ్ నిర్వచనంలో ఈ నిబంధనలు రెండు కొత్త అంశాలు చేర్చాయి. తోటి విద్యార్థి నిత్య విద్యాకార్యక్రమాన్ని ఆటంకపరిచే చర్య ర్యాగింగ్ అవుతుందన్నది ఒకటి. మాటలతోనే కాక ఈ-మెయిళ్లు, ఉత్తరాలు, బహిరంగ అవమానాల ద్వారా చేసే దూషణ కూడా ర్యాగింగే అన్నది మరొకటి. 1997 నాటి చట్టంలో లేని చదువు ఇక్కడికి వచ్చింది, తెర కూడా వచ్చింది. కానీ ఇవి ఉన్నత విద్యాసంస్థలకు మాత్రమే. పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, డిగ్రీలో చేరినవాడికి దొరికే రక్షణ ఇది.

రెండోది ఆగస్టులో ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం. దాని 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అయితే ఉల్లంఘించినవారిపై ఉద్యోగ నియమావళి ప్రకారం చర్య ఉంటుందని కూడా చెప్పింది. అంటే ఆ సెక్షన్ మనసులో ఉన్నది బెత్తం పట్టిన ఉపాధ్యాయుడు. పక్క బెంచీ పిల్లవాడికి ఉద్యోగ నియమావళి వర్తించదు. పైగా చట్టం పరిధి 6 నుంచి 14 ఏళ్ల వయసు, ఎనిమిదో తరగతి వరకు. చేతికి ఫోన్ వచ్చే తొమ్మిది, పది తరగతులు దాని అవతల ఉండిపోయాయి.

మూడోది అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్ట సవరణ. దీని వెనుక 2004 నాటి ఒక ఉదంతం నీడ ఉంది. ఢిల్లీలో ఇద్దరు పాఠశాల విద్యార్థులకు సంబంధించిన ఒక దృశ్యం సెల్‌ఫోన్ల ద్వారా పాకి, ఒక అంతర్జాల వేలం సంస్థలో అమ్మకానికి వచ్చింది. ఆ సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో జరిగిన చర్చ అంతా మధ్యవర్తి సంస్థ బాధ్యత గురించి. ఆ విద్యార్థుల చదువు ఏమైందన్నది ఆ వ్యాజ్యంలో ప్రశ్నే కాలేదు. సవరణతో వచ్చిన 66ఎ సెక్షన్ చికాకు, అవమానం, బెదిరింపు వంటివి కలిగించే సందేశాలకు మూడేళ్ల వరకు జైలు విధించింది. 1997 నాటి మన చట్టంలోని మాటలే ఇందులోనూ ఉన్నాయన్నది గమనించదగ్గ విషయం. అయితే ఒక తేడా ఉంది. 1997 చట్టంలో అవమానం ‘విద్యార్థికి’ జరుగుతుంది, 66ఎలో అది సందేశంలో ఉంటుంది. ఎవరికి, ఏ సంబంధంలో, ఎంతకాలం అన్న అన్వయం తెగిపోయి, మాటలు గాలిలో వేలాడాయి. అవి అస్పష్టమని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. పౌరస్వేచ్ఛ దృష్ట్యా అది సరైన తీర్పే. పాఠశాల పిల్లలను రక్షించే పనిముట్టు పోయిందని అప్పుడు కొందరు బాధపడ్డారు కానీ ఆ పనిముట్టు వారి కొలతకు తయారైనదే కాదు.

మూడింటినీ కలిపి చూస్తే ఫలితం ఇది. నిధుల సంఘం పాఠంలో చదువు ఉంది, తెర ఉంది, కానీ వయసు దాటిపోయింది. విద్యాహక్కు చట్టంలో వయసు ఉంది, కానీ తోటి విద్యార్థి లేడు, తెర లేదు. సాంకేతిక చట్టంలో తెర ఉంది, బడి లేదు. రాష్ట్ర బోర్డు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి మూడు పాఠాల నడుమ ఖాళీలో నిలబడింది.

ఆ తర్వాతి ప్రయత్నాలు ఈ ఖాళీని పూర్తిగా పూడ్చలేదు. 2012 నాటి పోక్సో చట్టం ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా పిల్లలను వెంటాడటాన్ని నేరం చేసింది, అయితే లైంగిక ఉద్దేశం ఉన్నప్పుడే. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2015లో తన అనుబంధ పాఠశాలల్లో వేధింపు నిరోధక సంఘాలు ఏర్పాటు చేయమన్నది, మన పిల్లల్లో అధిక సంఖ్యాకులు చదివేది రాష్ట్ర బోర్డులో. 2015 నాటి బాలన్యాయ చట్టం స్ఫూర్తి ప్రకారం పిల్లలు చేసే చిన్న నేరాలకు పోలీసు కేసు దారి కాదు, కాకూడదు కూడా. ‘సైబర్ నేరం’ అన్న చట్రానికి నేరస్థుడు కావాలి. ఇక్కడున్నవాడు పదమూడేళ్లవాడు. అందుకే చాలా సందర్భాల్లో వ్యవహారం ప్రధానోపాధ్యాయుని గదిలో, ఇరుపక్షాల పెద్దల సమక్షంలో, కాగితం మీద పడకుండా రాజీతో ముగుస్తుంది. చరిత్రకారుడికి ఆధారం మిగలదు.

మార్కుల సాక్ష్యం

చదువుపై ప్రభావాన్ని కొలిచిన పరిశోధన ఎక్కువగా ఉత్తర అమెరికాది. కెనడాలో తాన్యా బెరాన్, చింగ్ లీ 7 నుంచి 9 తరగతుల విద్యార్థులు 432 మందిపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం, తెరమీద వేధింపుకు గురైనవారిలో ఏకాగ్రత లోపాన్ని, తక్కువ మార్కులను, గైర్హాజరును గమనించింది. బడిలోనూ, తెరమీదా కూడా వేధింపు ఎదుర్కొన్నవారి స్థితి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2008లో 20,000 మందికి పైగా ఉన్నత పాఠశాల విద్యార్థుల నుంచి సేకరించిన సమాచారం 2012లో వెలువడింది. అందులో 15.8 శాతం మంది తెరమీద, 25.9 శాతం మంది బడిలో వేధింపుకు గురైనట్టు చెప్పారు. తెరమీద వేధింపుకు గురైనవారిలో 59.7 శాతం మంది బడిలోనూ గురైనవారే. తక్కువ మార్కులతోనూ, బడిపట్ల తగ్గిన మమకారంతోనూ ఈ వేధింపుకు సంబంధం కనిపించింది.

ఈ అంకెలు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి అన్నది జాగ్రత్తగా చూడాలి. ఇటువంటి సర్వే ఒక్కరోజు తీసిన ఛాయాచిత్రం. వేధింపు వల్ల మార్కులు తగ్గాయా, మార్కులు తక్కువ ఉన్నవాడే వేధింపుకు సులువుగా దొరికాడా అన్నది దానివల్ల తేలదు. మన పాఠశాలల్లో మార్కులే ఎగతాళికి సరుకు కాబట్టి రెండో అవకాశాన్ని తోసిపుచ్చలేం. లాస్ ఏంజెలెస్‌లో 11 మాధ్యమిక పాఠశాలల విద్యార్థులను మూడేళ్లపాటు అనుసరించి యానా యువొనెన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం, వేధింపు పెరిగిన కాలంలోనే మార్కులు తగ్గడాన్ని గమనించి ఈ విషయంలో కొంత గట్టి నేల చూపింది. అయితే అది ప్రధానంగా బడిలోని వేధింపు గురించినది. తెరమీద వేధింపును విడిగా తీసి, దానివల్లే ఇంత నష్టం అని తేల్చడం కష్టం. 59.7 శాతం అన్న అంకె సూచించేదీ అదే. పిల్లల అనుభవంలో అవి రెండు వేధింపులు కావు. పగటి మాటకు రాత్రి కొనసాగింపు, రాత్రి చిత్రానికి పొద్దున నవ్వు.

2018 నాటి అంతర్జాతీయ విద్యార్థి మూల్యాంకనం ‘పీసా’లో, ఆర్థిక సహకార సంస్థ సభ్యదేశాల సగటున 23 శాతం మంది నెలలో కనీసం కొన్నిసార్లు వేధింపుకు గురవుతున్నట్టు చెప్పారు. తరచుగా వేధింపుకు గురైనవారు, ఆర్థిక సామాజిక నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, పఠనంలో 21 పాయింట్లు వెనుకబడ్డారు. ఆ మూల్యాంకనంలో భారతదేశం పాల్గొనలేదు.

తగ్గినది పఠనంలో అన్నది తెలుగు బోధించేవారిని ప్రత్యేకంగా ఆలోచింపజేయాలి. భాషా తరగతి గొంతుతో నడుస్తుంది. పద్యం చదవాలి, గద్యం బిగ్గరగా చదవాలి, సొంత మాటల్లో చెప్పాలి. ఒక పిల్లవాడి యాసను, ‘ళ’ను ‘ల’గా పలకడాన్ని, నత్తిని ఎవరైనా ఫోన్‌లో పట్టి నవ్వుల పాటగా మార్చి తిప్పితే, అతడు ముందుగా వదిలేసేది గణితం కాదు, గొంతెత్తి చదవడం. యాసను వెక్కిరించడం మనకు కొత్త కాదు. సినిమాల్లో సేవకుడికో, దొంగకో ఒక ప్రాంతపు యాసను కట్టబెట్టిన చరిత్ర మనది. పల్లె నుంచి పట్నం పాఠశాలకు వచ్చినవాడి మాటను తరగతి నవ్వుకోవడం అంతకంటే పాతది. కాకపోతే అప్పటి నవ్వు గంట కొట్టేసరికి ఆగేది. రికార్డయిన నవ్వుకు గంట లేదు.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటిపేరు, రంగు, తండ్రి వృత్తి, వసతిగృహం పేరు, ఇవన్నీ ఎగతాళి మాటలుగా మారే తీరు ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. 2016లో నిధుల సంఘం తన నిర్వచనానికి సవరణ చేసి కులం, ప్రాంతం, రంగు, భాష వంటివాటి ఆధారంగా చేసే వేధింపును చేర్చింది. మళ్లీ అది కళాశాలలకే.

గైర్హాజరునే హానిగా చూసిన చట్టం

చదువు పోవడాన్నే హానిగా గుర్తించే చట్టం సాధ్యమేనా అన్నవారికి జపాన్ ఉదాహరణ ఉంది. అక్కడ ‘ఇజిమె’ అనే మాట పాఠశాల వేధింపుకు స్థిరపడి దశాబ్దాలైంది. 2011లో ఒత్సు నగరంలో ఒక బాలుడి ఆత్మహత్య, దానిపై పాఠశాల, విద్యామండలి వ్యవహరించిన తీరు దేశాన్ని కుదిపాయి. 2013 జూన్‌లో ఆమోదం పొంది సెప్టెంబరులో అమలైన వేధింపు నిరోధక చట్టం నిర్వచనంలోనే అంతర్జాలం ద్వారా చేసే చర్యలను చేర్చింది. ‘తీవ్ర ఘటన’ అంటే ఏమిటో రెండు విధాలుగా చెప్పింది. ప్రాణానికి, దేహానికి, మనసుకు, ఆస్తికి పెద్ద హాని జరిగిందన్న అనుమానం ఒకటి. వేధింపు కారణంగా పిల్లలు గణనీయమైన కాలం బడి మానవలసి వచ్చిందన్న అనుమానం రెండోది. రెండింటిలో ఏది తలెత్తినా విచారణ జరపాలి.

ఈ చట్టం కూడా ఒక మరణం తర్వాతే వచ్చింది. ఆ చట్టంతో జపాన్‌లో వేధింపు తగ్గిపోయిందని నేను అనడం లేదు. నా దృష్టి దాని వ్యాకరణం మీద. బడి మానడాన్ని అది పిల్లవాడి తప్పుగా కాక అతనికి జరిగిన హానిగా రాసింది. మన హాజరుపట్టీలో ఆ పిల్లవాడు కర్త. అక్కడ కర్మ.

ఫోనే బడి అయినప్పుడు

2020 మార్చిలో పాఠశాలలు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా నడిచాయి. టీవీ పాఠం ఒకవైపు సాగేది. అభ్యాస పత్రాలు, సందేహాలు, హాజరు చాలాచోట్ల తరగతి వాట్సాప్ బృందాల్లోకి మారాయి. ఆ వేసవిలోనే జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి, యునెస్కో కలిసి ఆన్‌లైన్ చదువులో భద్రత గురించి ఒక చిన్న పుస్తకం తెచ్చాయి. ప్రమాదాన్ని ముందే ఊహించారన్న మాట.

ఈ మార్పుకు ముందు పెద్దలిచ్చే సలహా ఒకటే: ఫోన్ పక్కన పెట్టు. 2020 తర్వాత ఆ సలహా అర్థం మారింది. ఫోన్ పక్కన పెట్టడమంటే తరగతి నుంచి బయటికి వెళ్లడం. బృందంలోంచి తప్పుకుంటే ఇంటిపని అందదు, ఉంటే పరిహాసం తప్పదు. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునే కుటుంబంలో ఈ చిక్కు మరింత గట్టిది. అమ్మాయి తనకొచ్చిన సందేశం గురించి ఇంట్లో చెబితే ముందుగా పోయేది ఆ ఫోన్ వాడుకునే అవకాశం, దానితోపాటే పాఠం. కాబట్టి చెప్పదు. ఫిర్యాదు చేయడమే చదువు పోగొట్టుకోవడం అయ్యే స్థితిలో మౌనం చదువును కాపాడుకునే ఉపాయం. దానిని పిరికితనం అనలేం.

పాఠశాలలు తెరుచుకున్నాక బృందాలు మూతపడలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. గ్రామీణ భారతంపై 2024 నాటి ‘అసర్’ నివేదిక ప్రకారం 14–16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. సర్వేకు ముందు వారంలో వారిలో 57 శాతం మంది దానిని చదువు పనికి వాడితే, 76 శాతం మంది సామాజిక మాధ్యమాలకు వాడారు. అలా వాడినవారిలో ఒక ఖాతాను అడ్డుకోవడమో, దానిపై ఫిర్యాదు చేయడమో తెలిసినవారు 62 శాతం. తన ఖాతాను గోప్యంగా ఉంచుకోవడం తెలిసినవారు 55.2 శాతం. మిగిలినవారికి నేర్పితే సరిపోతుందని అనిపించవచ్చు. కానీ అపరిచితుణ్ణి అడ్డుకోవడం వేరు, పొద్దున్నే పక్కన కూర్చోబోయేవాణ్ణి అడ్డుకోవడం వేరు.

ఆధారం ఎక్కడ వెతకాలి

పోలీసు దస్తావేజుల్లో, న్యాయస్థానాల తీర్పుల్లో ఈ చరిత్ర దొరకదని పైన చూశాం. మరి ఎక్కడ? వార్షిక పరీక్షల ఫలితాల్లోనూ దొరకడం కష్టం. 2012 నుంచి పదో తరగతిలో ప్రవేశపెట్టి కొన్నేళ్లు నడిపిన గ్రేడు విధానంలో ఒక్కో గ్రేడు సుమారు తొమ్మిది పది మార్కుల వెడల్పు ఉండేది. ఆ వెడల్పులో 99 నుంచి 93కు జారినవాడు కదలనట్టే కనిపించేవాడు.

నాకు తోచిన దారి నిరంతర సమగ్ర మూల్యాంకన దస్త్రాలు. తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం ఏడాదికి నాలుగుసార్లు జరుగుతుంది. అందులో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒక అంశం, రాతపనులు ఒకటి, ప్రాజెక్టు పని ఒకటి, లఘుపరీక్ష ఒకటి. చాలామంది ఉపాధ్యాయులు భాగస్వామ్యపు మార్కును మొక్కుబడిగా వేస్తారన్నది బహిరంగ రహస్యమే. ఆ మేరకు ఈ ఆధారం బలహీనం. అయినా నిజాయితీగా వేసిన చోట్ల ఒక జాడ దొరికే అవకాశం ఉంది. తెలివి తగ్గినా, శ్రద్ధ తగ్గినా నాలుగు అంశాలూ ఇంచుమించు కలిసి పడతాయి. నలుగురిలో నోరు విప్పడానికి భయపడినప్పుడు అలా పడవు. మొదటి రెండు మూల్యాంకనాల్లో భాగస్వామ్యానికి నిండు మార్కులు తెచ్చుకుని, మూడోదానిలో హఠాత్తుగా అట్టడుగుకు చేరి, లఘుపరీక్షలో మాత్రం అదే స్థాయిలో నిలిచిన విద్యార్థి పేరు ఆ రిజిస్టరులో కనిపిస్తే, ఆ నెల హాజరుపట్టీని పక్కన పెట్టుకుని చూడాలి. ఆ తర్వాత ఆ పిల్లవాణ్ణి విడిగా పిలిచి, ఫోన్ లాక్కోమన్న హామీ ఇచ్చి అడగాలి.